అసలు కెప్టెన్

గొంతు ఆపరేషన్ అయ్యాక హైమావతి 'ఆరో చంద్రుడు' సీరియల్ వదిలేసింది. అప్పటినుంచి ఆమె వేసిన అంతరిక్ష నౌక కెప్టెన్ పాత్రలో కంప్యూటర్ తయారుచేసిన ఆమె బొమ్మే తెర మీద నటిస్తోంది. సీరియళ్లన్నీ అలాగే తయారవుతున్న కాలమది. ఆ బొమ్మకు వయసు పైబడదు, గొంతు బొంగురుపోదు. ఇన్నాళ్లకు సీరియల్ తీసే కంపెనీ ఒక్క భాగంలో హైమావతినే నటింపజేసింది. ఇకపై ఆమె ఉండాలో బొమ్మ ఉండాలో ప్రేక్షకులే ఆ భాగం చూస్తూ ఓటేసి చెప్పాలి.

ఆ భాగం మొదలవగానే ఆమె కాకినాడ ఫ్లాట్‌లో వంటింట్లోకి వెళ్లి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది.

"రావే, నీ సీనొస్తోంది!" గోడ తెర ముందునుంచి అక్క సుభాషిణి పిలిచింది.

"నేను చూడలేనక్కా. ఈ నెరిసిన జుట్టు, ఈ గొంతు... నవ్వుతారేమో."

తెర మీద ఆమె బొంగురు గొంతు పలికింది.  అంతలో కింది ఫ్లాట్‌లోంచి ఎవరో అరిచారు.

"ఒరేయ్, ఇది బొమ్మ కాదురా! మన కెప్టెనే!"

ఈలలు, చప్పట్లు అంతస్తు నుంచి అంతస్తుకు పాకాయి. జనం బాల్కనీల్లోకి వచ్చేశారు.

"అందరూ నిన్నే కావాలన్నారే! బొమ్మను తీసేశారంట!" అక్క ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

హైమావతి బాల్కనీలోకి నడిచింది. ఎదుటి మేడ మీద ఒక పెద్దాయన నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆమె కూడా చెయ్యెత్తి, గొంతు ఎంత పలికితే అంత గట్టిగా అరిచింది.

"రేపట్నుంచి డ్యూటీకొస్తున్నానండీ!"