పాటకు ముందు ప్రార్థన

“వాల్యూమ్ సున్నాలో పెట్టినా మోగుతోందంటే ఆ రొద స్పీకర్లోంచి రావడం లేదు బాబాయ్,” అంది గ్లెనిస్.

పాత గిటార్ ఆంప్లిఫయర్ వెనక చెక్క విప్పి, స్క్రూడ్రైవర్ కొనను లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుంది. జూం... అని నిండుగా వినిపించింది.

“ఇదిగో, దొంగ దొరికాడు. లోపలి ఇనుప రేకులు వదులైపోయాయి. కరెంటు పారినప్పుడల్లా వణుకుతున్నాయి.”

ఆ పెట్టె సొంతదారు ఎమ్లిన్, ఇంట్లోవాళ్లను ఆపరేషన్‌కి అప్పగించినవాడిలా నిలబడ్డాడు. “మరీ పూర్తిగా తీసేయకు తల్లీ. కాస్త తగ్గించు, చాలు.”

“తగ్గిస్తే మెయిరియన్ ఊరుకుంటాడా?”

ఊరుకోడు. అబర్‌డేర్ ఊరి క్లబ్బుకు కొత్తగా సెక్రటరీ అయిన ఆ మహానుభావుడు ముందే తేల్చి చెప్పేశాడు. ఈ శనివారం ఎమ్లిన్ కచేరీలో వెనక వరస దాకా ఆ రొద వినబడిందా, ఇక శనివారాలన్నీ తన మేనల్లుడి బృందానివే. బొగ్గు గని మూతపడి, భార్య పోయాక ఎమ్లిన్‌కి మిగిలినవి ఆ శనివారాలే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

“ఈ రిపేరు షాపు నడిపిన రోజుల్లో మీ నాన్నైతే కొంచెం ఉంచేవాడు,” అని గొణిగాడు ఎమ్లిన్.

“మా నాన్న మీకు భయపడేవాడు. నేను భయపడను. శనివారం చీమ చిటుక్కుమన్నంత చప్పుడు వచ్చినా నా షాపు మూసేస్తాను, సరేనా?”

ముసలాయనకు ఆ పెట్టె మీద మమకారం, అంతే అనుకుంది గ్లెనిస్. ఆమెకూ దానిమీద మమకారమే. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చూసిన దృశ్యం ఇప్పటికీ మారలేదు. ఎమ్లిన్ వేదిక ఎక్కి, పెట్టె స్విచ్ వేసి, జనానికి వీపు తిప్పి, గిటార్‌ను గుండెకు హత్తుకుని, ఆ పెట్టెకు నుదురు ఆనించి కళ్లు మూసుకునేవాడు. హాలంతా నిశ్శబ్దమైపోయేది. తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టేవారు. “ఆదివారం నా చాపెల్లో కూడా ఇంత భక్తి కనబడదు,” అని పాస్టర్‌గారే కుళ్లుకునేవారు. ఎమ్లిన్ తల ఎత్తి మొదటి తీగ మీటితే చాలు, శ్రుతి అతికినట్టుండేది. బ్యాటరీతో నడిచే బుల్లి శ్రుతి మీటర్లు చూస్తే ఆయనకు ఒళ్లుమంట. “శ్రుతి పైనుంచి రావాలిరా, పెట్టెల్లోంచి కాదు,” అని కుర్రకారును ఏడిపించేవాడు. బేస్ గిటార్ వాయించే డిల్విన్ కూడా తన తీగలను ఆయన తీగలతోనే కలుపుకోవాలి.

గ్లెనిస్ ముందు జాగ్రత్తగా పెట్టెలోపల నిలవ ఉన్న కరెంటును ఖాళీ చేసింది. మరలు బిగించి చూసింది. రొద తగ్గింది కానీ పోలేదు. పంతం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊడబీకి, రేకులు కదలకుండా అతుక్కునేలా వార్నిష్‌లో ముంచి, వంటింటి అవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టింది.

“కేకుల వాసన బాగా మారిందే!” అన్నాడు మొగుడు ముక్కు మూసుకుని.

“నోరు మూసుకో. అందులో ఎమ్లిన్ బాబాయ్ శనివారాలు ఉడుకుతున్నాయి.”

శనివారం సాయంత్రానికి గానీ పని తెమల్లేదు. అడుగున రబ్బరు బిళ్లలు వేసి బిగించి, పెట్టెను తనే వ్యాన్‌లో క్లబ్బుకు తీసుకెళ్లింది. ఎమ్లిన్ కోటు ఇస్త్రీ చేయించుకుని, గిటార్‌కి కొత్త తీగలు వేసుకుని, వేదిక పక్కన పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. మెయిరియన్ వెనక వరసలో చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

ఎమ్లిన్ స్విచ్ వేశాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. చప్పుడు మాత్రం లేదు. మెయిరియన్ మొహం చూసి గ్లెనిస్‌కి నవ్వాగలేదు.

ఎమ్లిన్ వీపు తిప్పి పెట్టెకు నుదురు ఆనించాడు. గ్లాసులు కిందికి దిగాయి. ప్రార్థన మొదలైంది.

ఎంతకీ అవలేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “ఎవరైనా పోయారా?” అని డిల్విన్ గుసగుసలాడాడు. ఎవరో టోపీ తీసేశారు. ఎమ్లిన్ నుదురు తీసి, చెవి ఆనించి, మళ్లీ నుదురు ఆనించాడు. ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం అనుకుని గ్లెనిస్ కళ్లు తుడుచుకుంది.

చివరికి ఎమ్లిన్ తల తిప్పి ఆమెను సైగచేసి పిలిచాడు. నుదుటి నిండా చెమటలు. గ్లెనిస్ గర్వంగా వేదిక దగ్గరకు వెళ్లి చెవి వంచింది.

“రొద ఏది తల్లీ, ఇన్నేళ్లూ నేను తీగలు శ్రుతి చేసుకున్నది దాంతోనే!”