అచ్చుకాని పేరు

మావారు ఒత్తావియో పోయిన రోజు సాయంత్రమే ఒపేరా థియేటర్ కార్యదర్శి బ్రెస్సాన్, గోడలకు అంటించే సంతాప పత్రం తెచ్చి చూపించాడు.

“పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేయించామో చూడండి, టీచరమ్మా.”

“భేష్! ముప్పై ఏళ్లు ఆయన చెక్ భాష ఒపేరాలను మన ఇటాలియన్‌లో పాడుకునేలా రాసిచ్చారు. మీ కార్యక్రమ పుస్తకంలో ఆ పేరుకు చీమంత చోటు దొరకలేదు. పోయాక త్రియెస్తె ఊరి గోడలన్నీ ఇచ్చేశారు. ఎంత ఉదారులండీ!”

“పేరు మేం తీసెయ్యలేదండీ.”

“మరి ఎలుకలు కొట్టేశాయా?”

అతను సంచిలోంచి రాబోయే ఒపేరా కార్యక్రమ పుస్తకం ప్రూఫు తీశాడు. అందులో అనువాదకుడిగా ఆయన పేరుంది. దాని మీద ఎర్రసిరా గీత, పక్కన ఆయన చేతిరాత: “జోలపాటలో పైస్వరం దగ్గర నేను వేసిన మాటకు గాయని నోరు తెరుచుకోవడం లేదు. సరిచేశాక నా పేరు వేయండి.”

“ప్రతిసారీ ఇంతేనండీ. ఏదో ఒకటి కుదరలేదని ఆయనే కొట్టేసేవారు.”

“నాతో మాత్రం ‘వాళ్లు మళ్లీ మరిచిపోయారు’ అనేవారు.”

“అందుకేగా ముప్పై ఏళ్లు మీచేత తిట్లు తిన్నాం.”

నేను ప్రూఫు చేతిలోకి తీసుకున్నాను.

“రేపు అచ్చుకు పంపాలి. ఈసారైనా పేరు ఉంచమంటారా?” అన్నాడు.

ప్రూఫు తిరిగి అతని చేతికిచ్చాను.

“జోలపాట ఇంకా సరిచేయలేదు.”