మూడో పేరు

2009లో ఒక సాయంత్రం అమలాపురంలోని ఒక ఆసుపత్రిలో రెండు కొత్త సర్వర్లకూ కలిపి ఒకే డిస్కు పెట్టె అమర్చాడు రాజేంద్ర. రోగుల రికార్డులన్నీ అందులోకి ఎక్కించాడు. ఆ రెండూ కాక మూడో సర్వరు అందులో రాస్తే అవన్నీ చెడిపోతాయి.

రాత్రి పదకొండుకు తెర మీద, ఆ డిస్కులో రాస్తున్న సర్వర్లవి మూడు పేర్లు కనిపించాయి. మూడోది వరదలో మునిగి చెడిపోయిన పాత సర్వరు పేరు.

"పాతదాన్ని ఎవరైనా కదిపేరా, కొండలరావుగారూ?" అని వాచ్‌మన్‌ను అడిగాడు.

"లేదండి. మూలనే ఉందండి. దసరాకి దానికీ బొట్టు పెట్టేనండి, పాపం."

రాజేంద్ర వెళ్లి చూశాడు. దానికి ఒక్క వైరూ లేదు. తిరిగొచ్చి కొత్త సర్వర్ల నుంచి డిస్కు పెట్టెకు వెళ్లే వైర్లు రెండూ పీకేశాడు. డిస్కు రాస్తున్న చప్పుడు ఆగలేదు.

"మీకు వినబడుతోందా?"

"ఆయ్. రోజూ ఈ వేళకి మొదలవుద్దండి. ఇన్నాళ్లూ ఆ మూలనుంచి వచ్చేదండి."