పేరు చెప్పని మనిషి

టమాటా తోటలో కట్టెలు నాటుతున్న దేవేంద్రను మామూలు బట్టల్లో వచ్చిన నలుగురు కారెక్కించుకుపోయారు.

పోలీసులమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనం విచారణ అన్నారు. పేర్లు మాత్రం చెప్పలేదు.

భార్య కమలాక్షి ఏ స్టేషన్‌కు పోయి అడిగినా "మావాళ్లు కాదు" అన్నారు.

చివరికి మదనపల్లెలో లాయరమ్మ వసుధ కాళ్ల మీద పడింది.

"పోలీసులైతే పేరు చెప్పాల, కార్డు చూపాల. అది రూలు. చూపనోళ్ల వెంట యాడికీ పోవద్దమ్మా. రేపు కోర్టులో పిటిషన్ వేస్తాను" అంది లాయరమ్మ.

మరుసటి మధ్యాహ్నం చౌడేపల్లె దగ్గరున్న వాళ్ల ఊరికి ఒకాయన బైకు మీద వచ్చాడు. హెల్మెట్ తీస్తూనే వాకిట్లో ఉన్న కమలాక్షితో గబగబా చెప్పాడు.

"మీ ఆయన కుప్పం దారిలో ఒక మూసేసిన కోళ్ల షెడ్డులో ఉండాడమ్మా. ఎదనొప్పి అంటాండాడు. మీ ఊరోళ్లంతా పోయి గేటుకాడ అరిస్తే ఆస్పత్రికి తీసకపోక తప్పదు. ఇప్పుడే పోదాం రాండి."

కమలాక్షి ఒక అడుగు ముందుకేసి ఆగింది.

"నువ్వెవురప్పా?"

"పోలీసునే."

"పేరు?"

అతను వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు.

"కార్డన్నా సూపించు."

జేబులో పెట్టిన చెయ్యి ఉత్తదే బయటికొచ్చింది.

"సూపిస్తే నా ఉద్యోగం పోతాదమ్మా. పిల్లోళ్లుండారు. నన్ను నమ్ము."

"వాళ్లూ పోలీసులమనే చెప్పిరి" అంటూ కమలాక్షి మరిది రెడ్డెప్ప అతని కాలర్ పట్టుకున్నాడు. "అన్న చాల్లేదా? ఇప్పుడు వదిన కావాల్నా?"

ఊరివాళ్లు తలా ఒక దెబ్బ వేశారు. అతను చెయ్యెత్తలేదు. పెదవి చిట్లి రక్తం కారుతున్నా ఒకటే మాట.

"నన్ను తర్వాత కొట్టండప్పా. ముందు ఆడికి పోండి."

కమలాక్షి లాయరమ్మకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.

"పోయి సూద్దామా రెడ్డెప్పా?"

"పేరు చెప్పనోడి మాట ఇనేదా? వద్దు వదినా."

ఊరివాళ్లు నెట్టేస్తే అతను బైకెక్కి వెళ్లిపోయాడు.

తెల్లారి కుప్పంలోని ఒక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది.

వాళ్లు పోయేసరికి దేవేంద్ర మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. కమలాక్షికి ఏడుపు రాలేదు. గోడ పక్కన కూలబడింది. నర్సు అమరావతి నీళ్లు తెచ్చిచ్చింది.

"నిన్న పొద్దుగూకే యాళకు తెచ్చినారమ్మా. ఇంకొంచెం ముందొచ్చింటే బతికేవాడే."

"ఎవురు తెచ్చినారు?"

"ఒకాయన. ఒక్కడే భుజాన ఏసుకోని వచ్చినాడు. ఆయనకే పెదవి చిట్లి ఉండాది."

రెడ్డెప్ప గోడవైపు తిరిగాడు.

"ఎవురో చెప్పినాడా?" అంది కమలాక్షి.

"నేనడక్క ముందే చెప్పినాడమ్మా, 'నా పేరు ఉమాశంకర్, కానిస్టేబుల్ని, ఈయన మా కస్టడీలో ఉండె, అట్లే రాసుకోండి' అని."