పదమూడో లెక్క

“ఆ పేజీ తీసేయ్. ఇప్పుడే.”

జమ్మలమడుగు బడి వరండాలో జోయల్ సార్ ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. మసరత్ మేడమ్ కుర్చీ వేసినా కూర్చోలేదు. గంట మూడున్నర. ఆరుకు పులివెందులలో పోటీ కమిటీ సమావేశం.

“ఏమైంది మేడమ్?”

“మొన్నటి పోటీ పేపర్లో ఇరవై లెక్కలు. ఇరవయ్యీ నీ సైటులో ఉండాయి. అంకెలతో సహా.”

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లెక్కల టీచర్లు కలిసి పదో తరగతి పిల్లలకు ఏటా పెట్టే పోటీ అది. మొదటి ర్యాంకుకు ఇంటర్ రెండేళ్లూ ఉచిత సీటు. ఈసారి ఆ ర్యాంకు ప్రొద్దుటూరు పిల్ల ఫరహత్‌ది. ఇరవైకి పంతొమ్మిది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ట్యూషన్ లేదు. ఆ పిల్ల నేర్చిందంతా జోయల్ సైటులోనే. అక్కడ అన్నీ ఉచితం. లెక్కలు, కింద జవాబులు, సందేహం అడగడానికి ఒక గడి.

ఎవరో తండ్రి పొద్దున్నే కమిటీకి ఫోన్ చేశాడు, పేపర్ ముందే బయటికొచ్చిందని. విచారణ తానే చేస్తానని మసరత్ ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎవరూ కాదనలేదు.

“ప్రెస్సు నుంచి పేపర్ల కట్టలు తెచ్చింది నువ్వే గదా?”

“కట్టలకు సీలుండె మేడమ్. ఆ లెక్కలు నేను పెట్టి ఏడాదిన్నర అయితాంది.”

“తేదీలు మార్చేదెంతసేపు? ఎవురు నమ్ముతారు?”

“తీసేస్తే నేనే దొంగనంటారు గదా?”

“పేజీ ఉంటే పిల్ల సీటు పోతాది. లేకుంటే ఏదో ఒకటి రాసి కాపాడతా. నీ ఇష్టం.”

జోయల్ మేడమ్ కారు వైపు చూశాడు. వెనక సీట్లో ఫరహత్, పక్కన తల్లి ఖాతూన్‌బీ. పిల్ల ఫోను అప్పటికే మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఉంది.

ఫోన్లోనే పేజీ తీసేశాడు. వెళ్లి కారెక్కాడు.

ముద్దనూరు దాటారు.

“మా పాప కాపీ కొట్టిందంటారా మేడమ్మా?” ఖాతూన్‌బీ అడిగింది. “కూర మాడిపోతాన్నా లేవదు, ఆ లెక్కలు ముందరేసుకుంటే.”

మసరత్ ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు హారన్ కొట్టింది.

కమిటీ గదిలో అధ్యక్షుడు హబీబుల్లా ఒక్కడే ఉన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన వెనక అద్దాల బీరువాలో మడత విప్పని శాలువా, దాని కింద సీలు వేసిన కవరు. ఏటా ఐదుగురు సీనియర్లు విడివిడిగా పేపర్లు రాసి పంపుతారు. చీటీ తీసి ఒకటి ఎంచుతారు. రాసినవారి పేరు ఆ కవరులోనే ఉంటుంది. బహుమతుల రోజు కవరు తెరిచి, పేరు చదివి, శాలువా కప్పుతారు. అప్పటిదాకా అధ్యక్షుడికి కూడా తెలియదు.

“సైటులో అట్లాంటి పేజీ ఏదీ లేదు సార్,” అంది మసరత్. “ఇంతటితో వదిలేద్దాం.”

హబీబుల్లా తన ఫోను తిప్పి చూపించాడు. “ఆ తండ్రి పేజీకి ఫోటో తీసి పంపినాడమ్మా. పొద్దున ఉండింది ఇప్పుడు లేదంటే, తీసినోడికి భయమున్నట్టే గదా. ఏమప్పా జోయల్?”

జోయల్ మసరత్ వైపు చూశాడు. ఆమె బల్ల వైపు చూసింది.

“అయితే ర్యాంకు రద్దు చేద్దాం సార్,” అంది.

ఖాతూన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫరహత్ మాత్రం ముందుకొచ్చింది.

“సార్, పదమూడో లెక్కకు నాకు మార్కు యాల ఇయ్యలా?”

“సీటే పోతాంటే ఒక మార్కు కోసం అడుగుతాండావా పాపా?” హబీబుల్లా జవాబుల కీ తీశాడు. “బావిలోంచి తవ్విన మట్టి. జవాబు 12,320. నువ్వు 3,080 రాసినావు.”

“బావి వ్యాసం పద్నాలుగు అడుగులు సార్. సగం చేస్తే ఏడు. లోతు ఇరవై. 3,080 ఘనపుటడుగులే వస్తాది.”

ఆయన పెన్సిల్ తీసుకుని లెక్క వేశాడు. మళ్లీ వేశాడు.

“కీ తప్పు,” అన్నాడు మెల్లగా.

“జోయల్ సార్ సైటులో గూడా ఇదే తప్పుండె. పోయిన రంజాన్‌లోనే కింద రాసినా. రేపు దిద్దుతా తల్లీ అన్నాడు. దిద్దల్యా.”

జోయల్ ఉలిక్కిపడ్డాడు. పేజీ పోయింది. కానీ పిల్లలు అడిగే ప్రతి సందేహమూ ఆయన మెయిల్‌కు వస్తుంది. పాత మెయిళ్లలో వెతికాడు. దొరికింది. ‘సార్, పదమూడో లెక్క 12,320 కాదు, 3,080.’ పైన పది నెలల కిందటి తేదీ.

హబీబుల్లా ఫోను అందుకుని తేదీ చూశాడు. “పేపర్లు రాయించింది పోయిన నెల. అంటే పేపర్ సైటులోకి పోలేదు. సైటే పేపర్లోకి వచ్చింది. తప్పుతో సహా.”

లేచి బీరువా తెరిచాడు. శాలువా పక్కకు జరిపాడు. కవరు చింపి చీటీ బయటికి తీశాడు. కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. తిరిగి వచ్చి దాన్ని ఫరహత్ చేతిలో పెట్టాడు.

“నీ సీటు పీకేయమన్నోళ్లు ఈడనే ఉండారు. గట్టిగా చదువు పాపా.”

ఫరహత్ చదివింది.

“పేపర్ తయారుచేసిన వారు, మసరత్ మేడమ్.”