మధ్యాహ్నం ఆరిన లైటు

పళ్ళ డాక్టరు కూతురు ఆ రోజు కూడా బడి నుంచి వచ్చి, తండ్రి క్లినిక్ మెట్లెక్కకుండా ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులోకి వెళ్ళిపోయింది.

ఆ షాపులో చేపల తొట్టి ఉంది. దాని ముందు కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది.

డాక్టరుకి కడుపు మండిపోయింది.

"తొట్టి మన దగ్గరా ఉందిగా! అక్కడికెందుకమ్మా?"

"అక్కడ తొట్టిలో మొక్కలు పచ్చగా ఉంటాయి నాన్నా. మనవాటికి నాచు పట్టింది."

ఊరందరి పళ్ళ పాచి వదిలించే మనిషికి తన తొట్టిలో నాచు మాత్రం లొంగలేదు. ఎదుటివాడి తొట్టిలో లైటుకన్నా రెండింతలు వెలిగే లైటు కొనుక్కొచ్చాడు. పొద్దున తలుపు తీసింది మొదలు తాళం వేసేదాకా దాన్ని ఆర్పలేదు. ఎదుటివాడి తొట్టి దీని ముందు దిగదుడుపు కావాలి. కూతురు ఇటు రావాలి. అంతే!

నాచు ఇంకా చిక్కబడింది.

ఆ రోజుల్లోనే గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన రావడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వస్తాడు, తొట్టి పక్కన కూర్చుంటాడు, సాయంత్రానికి వెళ్ళిపోతాడు.

"పన్ను నొప్పా?" అడిగాడు డాక్టరు.

"పళ్ళూడి పదేళ్ళయింది బాబూ, ఇంక నొప్పెక్కడిది! చేపల్ని చూసి పోదామని."

"చూడండి, చూడండి."

"ఇవి నీడలో పెరిగే మొక్కలు బాబూ. ఇంత వెలుతురు తట్టుకోలేవు. నాచుకేమో పండగలా ఉంది. మధ్యలో కాసేపు ఆర్పితే..."

"ఆర్పితే చచ్చిపోతాయి. మీకు తెలీదు," అనేసి డాక్టరు లోపలికి వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి నాచు పలచబడింది. మొక్కలు చిగుళ్ళు వేశాయి.

"నాన్నా, కొత్త ఆకు!" అంటూ కూతురు పుస్తకాల సంచీ ఇక్కడే దించింది.

డాక్టరు గుమ్మంలో నిలబడి ఎదుటి షాపు వైపు తనివితీరా చూశాడు. లైటంటే ఇలా ఉండాలని వచ్చిన ప్రతి పేషెంటుకీ చెప్పాడు. నోరు తెరుచుకుని ఉన్నవాళ్ళు కాదనలేరు కదా!

ఒక మధ్యాహ్నం ఏదో పనిమీద ముందు గదిలోకి వచ్చాడు. తొట్టిలో లైటు వెలగడం లేదు. పెద్దాయన చెయ్యి స్విచ్చి మీద ఉంది.

"ఏంటండీ ఈ పని?"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "పాప వచ్చే వేళకి మళ్ళీ వేసేస్తాను బాబూ. రోజూ..."

"రోజూనా! ఎదుటివాడు పంపాడా? నా కూతురు నా దగ్గరికి వచ్చిందని వాడికి కళ్ళు కుట్టాయన్నమాట!"

"అది కాదు బాబూ..."

"ఇంకోసారి ఈ గుమ్మం తొక్కారంటే మర్యాదగా ఉండదు!"

పెద్దాయన గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

డాక్టరు స్విచ్చి మీద టేపు అంటించాడు. లైటు మళ్ళీ పొద్దస్తమానం వెలిగింది.

మూడు వారాలకి చిగుళ్ళన్నీ నాచులో మునిగిపోయాయి. కూతురు సంచీ భుజానికి తగిలించుకుని రోడ్డు దాటింది.

వెనకాలే డాక్టరూ దాటాడు.

"మీ మనిషి నా తొట్టికి ఏం చేసిపోయాడు?" కళ్ళజోళ్ళాయన మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరు, గొడుగాయనా? ఆయన నా మనిషి కాదండీ. మా తొట్టి కూడా ఒకప్పుడు మీదానిలాగే ఉండేది. ఎక్కణ్ణుంచి వచ్చారో వచ్చి బాగుచేసిపెట్టారు."

డాక్టరు గొంతు దిగింది. "ఇప్పుడెక్కడున్నారు?"

"ఊరొదిలి వెళ్ళిపోయి వారమైంది. ఎక్కడికని అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు."

"మీకేమయింది?"

కళ్ళజోళ్ళాయన తొట్టి ముందు కూర్చున్న పాప వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మాకు పిల్లల్లేరు కదండీ... మీ తొట్టి బాగుపడితే పాప ఇటు రావడం మానేస్తుంది, మీ దగ్గరికి వెళ్ళొద్దని నేనెంత బతిమాలినా, 'పిల్ల వాళ్ళ నాన్న దగ్గర కూర్చోవద్దా?' అని నన్ను కసిరి మరీ మీ గుమ్మం ఎక్కిన మనిషండీ ఆయన!"