రబ్బరు తల బోల్టు

యుద్ధం రోజుల్లో రబ్బరు దొరక్క, నరసరావుపేట పత్తిమిల్లు పత్తి నొక్కే ప్రెస్సు పలకను ఆపడానికి రబ్బరు తల లేని ఉత్త ఇనపబోల్టే బిగించారు. పలక తాకిడికి అది విరిగి ఎగిరొచ్చి, పత్తి ఎత్తుతున్న కొండమ్మ కణతకు తగిలింది. ఆమె అక్కడే పోయింది.

పెద్దకర్మ అయినాక, ఆమె మొగుడు ఫిట్టరు ఆదెయ్య చీకటిపడ్డ మిల్లులో ఒక్కడే కూర్చుని, ఆ చావు తర్వాత మిల్లువాళ్లు ఎలాగో తెప్పించిన రబ్బరు తల బోల్టులను బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. ఒకటి ఎంచుకున్నాడు.

"అది గట్టిగుంది మావా. మెత్తంది బిగించు," అంది వెనకనుంచి కొండమ్మ గొంతు.

తిరిగి చూస్తే పోతుందేమోనని అతను తల తిప్పలేదు. మెత్తందే బిగించాడు.

ఇంజను ఆగే ఉంది. అయినా పలక దానంతటదే కదిలొచ్చి రబ్బరుకు ఆనింది. చప్పుడు కాలేదు.

"ఏమే, నొప్పి తగ్గిందా?" అన్నాడు ఆదెయ్య ఏడుస్తూ.

అవునన్నట్టు పలక మెల్లగా వెనక్కి జరగసాగింది.